లసుమత్త గడుల పుస్తకం

పోయినేడు పరాయి దేశంల ఒక మ్యూజియం వాళ్ళు పిలిస్తే పోయిన. చేనేత బట్టల మీద నేను రాసిన పుస్తకమొకటి వాళ్ళ కంటపడ్డదట. మీటింగులన్ని అయినంక, అక్కడ పాత అచ్చుబొమ్మలు దాచిపెట్టే గదిల పనిచేసే ఒకామె, మీకు చూడాలనిపించేవేమన్న ఉన్నయా అని అడిగింది. లేసుల నమూనాలు, కుట్టుపూల నమూనాలు ఉంటే చూస్తనన్న. ఆమె బూడిద రంగు అట్టపెట్టె ఒకటి తెచ్చి మెత్తటి బట్ట పరిచిన బల్ల మీద పెట్టింది. వందల ఏండ్ల కింద, ఆ దేశాల ఆడోళ్ళు ఇండ్లల్ల కూసోని లేసు అల్లుకునేటందుకు అచ్చేసిన కాయితాలు. నిలువు గీతలు, అడ్డం గీతలు, ఆ గడులల్ల కొన్ని నల్లగ నింపినయి, కొన్ని ఖాళీగ వదిలినయి. మూడో కాయితం తీయంగనే నా చేతులు ఆగిపోయినయి. నడుమ ఒక పూలకుండ, దానికి ఆ పక్క ఈ పక్క ఎదురుబొదురు రెండు పిట్టలు. ఆ పిట్టలను నేను పన్నెండేండ్లప్పుడు బెల్లంపల్లిల చూసిన. ఒక పిట్ట చుట్టూత సూదితో పొడిచిన సన్న సన్న తూట్లు. ఆ కాయితాన్ని వెలుగుకు ఎత్తి చూపించి, 'ఆ కాలంల ఎవరో వాడుకోని పాడుచేసిండ్రు, వాడనియి తక్కువ దొరుకుతయి' అని ఆమె బాధపడ్డది. నేను తలూపిన. ఆమెకు చెప్పలేనిది ఇప్పుడు రాస్తున్న.

మా బాపుకు ఒక్కతే చెల్లె, లసుమత్త. అసలు పేరు లక్ష్మి. చెన్నూరు దిక్కు ఒక ఊరికి ఇచ్చిండ్రు. మూడేండ్లు కాపురం చేసింది. ఒకనాడు పొద్దుగాల్నే పుట్టింటికి నడుచుకుంట వచ్చి, పెద్దమనుషులను పిలిపియ్యమన్నది. అందరి ముంగట కూసోని 'నేను మల్ల ఆ ఇంటికి పోను' అన్నది. ఎందుకని అడిగితే రైక చెయ్యి పైకి జరిపి దెబ్బల మచ్చ చూపిచ్చింది. అంతకంటె ఒక్క మాట ఎక్కువ చెప్పలే. ఆ చెయ్యి చూసినంక పెద్దమనుషులు గూడ పొమ్మనలే. తాత చచ్చిపోయి అక్కడి ఇల్లు మూతపడ్డంక, రేకు పెట్టె ఒకటి పట్టుకోని బెల్లంపల్లికి మా ఇంటికి వచ్చింది. అప్పటికి నాకు పదేండ్లు.

మాది బొగ్గుగని లైన్లల్ల ఇల్లు. ఒక అర్ర, ముంగట చిన్న వసారా, ఎనుక జామచెట్టు. గని సైరను కూస్తే అవ్వ, మా అమ్మ, కుంపటి మీద నీళ్ళు పెట్టేది. బాపు షిఫ్టు దిగి వచ్చేసరికి ఆ నీళ్ళు కాగాలె. వాకిట్ల రాయి మీద కూసోని బాపు తానం చేస్తుంటే నల్లటి నీళ్ళు మోరీ దాక పారుకుంట పోయేటియి. తానమయినంక గూడ ఆయన కండ్లకు కాటుక పెట్టినట్టే ఉండేది. మా ఇంట్ల గాలే బొగ్గు వాసన. జొన్నరొట్టెకు, ఆరేసిన చీరెకు, నా పలకకు గూడ అదే వాసన. దండెం మీద తెల్లటి బట్ట ఆరేస్తే సాయంత్రానికి బూడిద రంగుకు తిరిగేది. అసుంటి ఇంట్ల లసుమత్త తెల్ల దారం పట్టుకోని లేసు అల్లిక నేర్చుకున్నది. అల్లే ముందు కుంకుడుకాయతోని చేతులు మోచేతుల దాక కడుక్కునేది. ఒళ్ళె ఒక తెల్ల గుడ్డ పరుచుకునేది, దాని మీద దారపు ఉండ. ఆ గుడ్డను ఏ రోజుకారోజు ఉతికేది. వసారాల ఒక మూలకు, దుమ్ము పడకుండ, తడిపిన గోనెసంచి కట్టి, దాని ఎనుక కూసునేది. 'గింత కష్టమెందుకు లసుమా, రంగు దారం తెచ్చుకోరాదా' అని అవ్వ అంటే, 'తెల్లదే కావాలె వదినా' అనేది.

నేర్పింది మహిళామండలి టీచరమ్మ, సుబ్బలక్ష్మి. రెండు రాష్ట్రాలు కలిసినంక గోదావరి కింది దిక్కు నుంచి బదిలీ మీద వచ్చింది. ఆమె ఊర్ల ఇంటింటికి లేసు అల్లుతరట. మా మాట ఆమెకు కొత్త, ఆమె మాట మాకు కొత్త. అయినా ఇద్దరికి కుదిరింది. ఆరు నెలలకు ఆమెనే మా ఇంటికి వచ్చి బాపుతోని చెప్పింది. 'అన్నయ్యగారూ, మీ చెల్లెలి చెయ్యి మామూలు చెయ్యి కాదండి. గవర్నమెంటు వాళ్ళు కుట్టుపని, అల్లికపని పరీక్ష పెడతారు. అందులో ప్యాసైతే ఆడపిల్లల బడిలో టీచరుగా తీసుకుంటారు. చదవడం రాయడం వస్తే చాలు.'

బాపు చానాసేపు బీడీ తాగుకుంట కూసున్నడు. ఎందుకంటె, అప్పటికే చెన్నూరు పక్క ఊర్ల ఒకాయనకు మాట ఇచ్చి ఉన్నడు. ఆయన పెండ్లాం చచ్చిపోయింది, ఇద్దరు పిల్లలు, నాలుగెకరాల చెలక. లసుమత్తకు మారుమనువు చేస్తే ఒక దారి అయితదని బాపు ఆలోచన. చెడ్డ ఆలోచన కాదు. అప్పటి రోజులల్ల అంతకు మించిన దారి ఆయనకు కనబడలే.

టీచరమ్మ పోయినంక అత్తను పిలిచి చెప్పిండు. 'చూడు లసుమా. పరీక్ష ఎండకాలం అయిపోంగ ఉన్నదట. రాయి. అయితే నౌకరికి పంపుత. కాకుంటే మాత్రం నేనిచ్చిన మాట నిలబెట్టాలె. మల్ల ఏడ్వద్దు.'

'ఏడ్వ' అన్నది అత్త. 'అయితే ఏంజేస్తవో నువ్వు చెప్పినవు. కాకుంటే ఏంజేస్తవో గూడ చెప్పినవు. ఇగ నన్ను జర సదువుకోనియ్యి.'

ఆమెకు అక్షరాలు నేను నేర్పిన. రెండు నెలలల్ల కూడబలుక్కోని చదివేది. అయితే పరీక్షకు అసలు కష్టం అక్షరాలతోని కాదు, నమూనాలతోని. ఇరవై నాలుగు నమూనాలు తన చేతితోని కాయితాల మీద గీసి, అండ్ల కొన్ని అల్లి, ఒక పుస్తకం లెక్క కుట్టుకోని పోవాలె. టీచరమ్మ కాడ నాలుగో అయిదో ఉండె. మిగిలినయి ఏడికెళ్ళి తేవాలె? బెల్లంపల్లిల అసుంటి పుస్తకం ఒక్క ఇంట్లనే ఉండె.

ఆ ఇల్లు గనిల సర్వే చేసే దొరది. దొర అంటే తెల్లాయన కాదు, ఆయన తండ్రి తెల్లాయన, తల్లి ఈ దేశపామె. ఆయన భార్య గూడ అసుంటి ఇంటి మనిషే. అందరు మేమ్‌సాబ్ అనేటోళ్ళు. ఎనుకటి అధికారులు చాన మంది దేశం ఇడిచిపోయినా వీళ్ళు పోలే. ఒకసారి ఆమె బల్లగుడ్డ లేసు చినిగితే, టీచరమ్మ లసుమత్తను పంపింది. అత్త మూడు రోజులు కూసోని బాగుచేసింది. మేమ్‌సాబ్ గుడ్డ తిప్పి తిప్పి చూసినా అతుకు ఎక్కడున్నదో దొరకలే. నీకేం కావాలె అని అడిగింది. అద్దాల బీరువల ఉన్న పుస్తకం వారం రోజులు కావాలె అన్నది అత్త. మేమ్‌సాబ్ వెంటనే ఇయ్యలే. అది వాళ్ళ అమ్మదట. ఎప్పటియో చాన పాత నమూనాలను మల్ల అచ్చేసిన పుస్తకమట. కుట్టు ఊడి కాయితాలు విడివిడిగ ఉండె. కడాకు ఒక దిండుగలీబుల చుట్టి ఇచ్చింది. మరక పడొద్దు, మడత పడొద్దు అని పది తీర్ల చెప్పింది.

ఆ వారం మా ఇంట్ల దేవుణ్ణి తెచ్చి పెట్టినట్టు అయింది. వంటకు దూరంగ, పైన మంచె మీద ఆ పుస్తకం. అత్త మధ్యాహ్నం వెలుగుల ఒక్కొక్క కాయితం దించుకోని, నా నోటుబుక్కుల గడులు గీసుకోని, చూసుకుంట నింపేది. 'మూడు నిండు, ఒకటి ఖాళీ, అయిదు నిండు' అని పెదవులు కదిలేటియి. నల్ల గడి అంటే దారం నిండాలె, తెల్ల గడి అంటే కిటికీ లెక్క ఇడిచిపెట్టాలె. అండ్ల జింకలు, చెట్లు, కోటలు ఉండె. నాకు మాత్రం ఆ రెండు పిట్టలే కావాలె. నా తెల్ల రైక మీద ఆ పిట్టను కుట్టుకోని బడికి పోతే లైన్లల్ల పిల్లలందరు నన్నే చూస్తరని ఆశ.

కుట్టుపని చేసేటోళ్ళకు ఒక ఉపాయం ఉంటది. బొమ్మ గీత వెంబడి సూదితో పొడిచి, దాన్ని బట్ట మీద పెట్టి, పైన బొగ్గుపొడి రుద్దితే తూట్లల్లకెళ్ళి బొమ్మ కింద బట్ట మీద పడుతది. దాన్ని ఖాకా అంటరు. అత్త అది వేరే కాయితం మీద చేసేది. నేను నేర్చుకున్న. కాని వేరే కాయితం మీద బొమ్మ మొదలు గీయాలె, అంత ఓపిక నాకు లేకపాయె. అత్త బావికాడికి పోయిన పూట, పిట్టల కాయితం దించి, నా రైక మీద పరిచి, సూదితో పొడుసుడు పెట్టిన. ఒక పిట్ట అయింది. బొగ్గుపొడికి మా ఇంట్ల కొదువ లేదు. రుద్దిన. రైక మీద పిట్ట చక్కగ దిగింది. కాయితం నల్లగయింది.

అత్త వచ్చి చూసింది. బిందె దించింది. కొడుతదనుకున్న. కొట్టలే. కాయితాన్ని రెండు చేతులతోని ఎత్తి, పొడిని మెల్లగ ఊదింది. పోయినంత పోయింది, మరక మిగిలింది, తూట్లు మిగిలినయి. అప్పటికి పన్నెండు నమూనాలే ఎక్కినయి. సగం.

'ఇయ్యాల్నే పోవాలె' అన్నది.

'ఎక్కడికి?'

'మేమ్‌సాబ్ కాడికి. నువ్వు గూడ రా.'

'ఇంకా మూడు రోజులున్నయి గదా అత్తా. మొత్తం ఎక్కించుకోని ఇచ్చేటప్పుడు చెప్తే కాదా?' అన్న. నాకు అప్పుడు అది తెలివిగనే తోచింది.

అత్త నా మొకం దిక్కు చూసింది. 'తప్పు దాసిపెట్టుకోని మూడు రోజులు నా చెయ్యి ఆడుతదా? నువ్వు చేసినవు, నువ్వే చెప్పాలె. పక్కన నేనుంట.'

నేను చెప్పిన. వాళ్ళ వసారాల నిలబడి, నేల చూసుకుంట, వచ్చీరాని ఉర్దూల చెప్పిన. మేమ్‌సాబ్ కాయితాన్ని ఎండకు ఎత్తి పట్టుకున్నది. ఆ తూట్లల్లకెళ్ళి వెలుగు ఆమె చెంప మీద పడ్డది. 'మా అమ్మ దీని మీద పెన్సిల్ గీత గూడ పెట్టలే' అన్నది. గట్టిగ అనలే. గట్టిగ అంటే బాగుండు అనిపించింది. దిండుగలీబు అందుకోని, 'ఇగ ఇయ్యను. పోండ్రి' అని లోపలికి పోబోయింది.

'ఇయ్యకుండ్రి మేమ్‌సాబ్' అన్నది అత్త. 'ఇంటికి ఇయ్యమని అడగ. ఇక్కడ్నే, మీ కండ్ల ముంగట కూసుంట. కాయితం మీరే తిప్పుండ్రి. నేను ముట్టుకోను. చూసి గీసుకుంట.'

ఆమె లోపలికి పోయింది. తలుపేసుకున్నది. నేను అత్త కొంగు పట్టి గుంజిన. అత్త మెట్ల మీద కూసున్నది. పోదామంటె రాలే. వచ్చేది ఎండకాలం, మెట్లు కాలుతుండె. పనిమనిషి వచ్చి పొమ్మన్నది. 'మేమ్‌సాబ్‌తోని మాటున్నది' అన్నది అత్త. దొర వచ్చి అన్నం తిని మల్ల ఆఫీసుకు పోయిండు. మాకు ఆకలయితుండె. నా ఏడుపు అయిపోయి, నిద్ర గూడ అయిపోయి లేచేసరికి, తలుపు తెరిచి మేమ్‌సాబ్ నిలబడి ఉన్నది.

'ఇంకా ఉన్నవా?' అన్నది.

'ఉన్న.'

'ఎందుకు నీకు గింత పట్టుదల?'

అత్త అప్పుడు కూడ కథ చెప్పలే. పెద్దమనుషుల ముంగట చేసినట్టే, రైక చెయ్యి పైకి జరిపింది. ఏండ్లయినా ఆ మచ్చ పోలే. 'ఒక ఇంటికెళ్ళి వచ్చిన. ఇంకొక ఇంటికి పొమ్మంటున్నరు. నేను నా ఇంటికి పోవాలె' అన్నది.

మేమ్‌సాబ్ లోపలికి పోయి ఒక ముక్కాలిపీట తెచ్చి వసారాల ఏసింది. 'కల్ సుబే ఆవ్. హాత్ ధోకే ఆవ్' అన్నది. రేపు పొద్దుగాల రమ్మని, చేతులు కడుక్కోని రమ్మని.

తొమ్మిది రోజులు పోయినం. సిరా వద్దు, మీద పరిచి గీసే నూనె కాయితం వద్దు, పెన్సిల్ ఒక్కటే. మేమ్‌సాబ్ బల్లకు ఆ పక్క కూసోని ఒక్కొక్క కాయితం తానే తిప్పేది. నాకు అత్త పెట్టిన పని గడులు గీసుడు. పొద్దుగాల లేవంగనే చెక్కబద్ద పెట్టి నిలువు గీతలు, అడ్డం గీతలు. ఒక్క గీత వంకర పోయినా ఆ కాయితం పక్కకు పెట్టి మల్ల గీయమనేది. ఆ తొమ్మిది రోజులల్ల నేను గీసినన్ని గీతలు మల్ల బతుకుల గీయలే. మొదటి రెండు రోజులు మేమ్‌సాబ్ కాయితాలు తిప్పుడే చేసింది. మూడోనాడు, 'నాలుగో వరుస తప్పు' అన్నది. అత్త చెరిపింది. ఆ తర్వాత పక్కకే వచ్చి కూసున్నది. మూల కాడ పువ్వు ఎట్ల తిప్పాలె, అంచు రెండు దిక్కుల నుంచి వస్తే నడుమ ఎట్ల కలుపాలె, అవన్ని చూపించుడు షురూ చేసింది. చివరి రోజు పిట్టల కాయితం బయటికి తీసింది. మరక ఉన్న ఆ పిట్టను అత్త చూసి చూసి ఎక్కించుకున్నది. పుస్తకం మాత్రం మేమ్‌సాబ్ ఇయ్యలే. అత్త అడగలే గూడ. తర్వాత కొన్నేండ్లకు దొర నౌకరి అయిపోయి వాళ్ళు బెంగళూరు దిక్కు పోయిండ్రు, పుస్తకం వాళ్ళ ఎంబడే పోయింది.

పరీక్ష కరీంనగర్ల. బాపు సెలవు పెట్టి తీస్కపోయిండు, నేను ఎంబడి పోయిన. మేమిద్దరం బయట యాపచెట్టు కింద కూసున్నం. లోపల ఏం జరిగిందో అత్త వచ్చేటప్పుడు బస్సుల చెప్పింది. పరీక్ష చేసే ఆయన ఆమె నమూనాల పుస్తకం తిరగేసి, 'ఇవి మీరు వేసినవేనా? ఎవరిచేతనైనా వేయించారా?' అని అడిగిండట. నేనే ఏసిన అంటే ఆయన నమ్మలే. ఆమె రాసిన అక్షరాలు చూసి ఉంటడు, అవి పిల్లల అక్షరాల లెక్క ఉండేటియి. ఆ చేతితోని ఈ బొమ్మలా అని ఆయన అనుమానం.

'అయితే ఏమన్నవు?' అన్నడు బాపు.

'కాయితం ఇయ్యుండ్రి, ఏది కావాలెనో చెప్పుండ్రి అన్న. ఆయన కండ్లు మూసుకోని ఒక పేజీ తీసిండు. జింకల వరుస వచ్చింది. పుస్తకం మూసిపెట్టుకొమ్మని చెప్పి గీసిన. సగం గీయంగనే చాలు అన్నడు. నేను ఆపలే. మొత్తం గీసిచ్చిన.'

బాపు బస్సు కిటికీల నుంచి బయటికి చూసుకుంట కూసున్నడు. ఆయన నవ్వుతున్నడని నాకు పక్క నుంచి కనబడ్డది.

ఫలితం కార్డు మీద వచ్చింది. నేనే చదివిన. అత్త నా చేతుల నుంచి తీసుకోని, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కోని మల్ల తానే చదివింది. మరునాడు బాపు తెల్ల ధోతి కట్టుకోని చెన్నూరు బస్సెక్కిండు. మాట ఇచ్చిన ఇంటికి పోయి, ఆ మాట ఎనుకకు తీసుకున్నడు. వాళ్ళు బాగ మాటలన్నరట. నీ చెల్లె నౌకరి చేసి నీకు పెడ్తదా అన్నరట. ఏమేమన్నరో ఆయన ఎన్నడు పూర్తిగ చెప్పలే. ఇంటికి వచ్చి, కాళ్ళు కడుక్కోని, 'అయిపోయింది. లసుమకు పెట్టె సదురుండ్రి' అన్నడు.

నౌకరి జైనూర్ల వచ్చింది. కొండలు, అడవి, రోడ్డు సక్కగ లేదు. అంత దూరం ఒక్క ఆడమనిషి ఎట్ల ఉంటదని అవ్వ పరేషాన్ అయింది. నేను సెలవులల్ల పోయి చూసిన. బడికి దారం రాలే, సూదులు రాలే, బట్ట రాలే. సామాను వచ్చినంక రావచ్చు, అప్పటి దాక ఇంటికి పొమ్మని పెద్దసారు చెప్తే అత్త పోలే. బడి ముంగట నేల అలికి, ముగ్గుతోని గడులు గీసి, పిల్లలను చింతగింజలు తెమ్మన్నది. గింజ పెడితే నిండు గడి, పెట్టకుంటే ఖాళీ గడి. ఆ పిల్లలల్ల గోండు పిల్లలున్నరు, లంబాడ పిల్లలున్నరు, మరాఠీ మాట్లాడేటోళ్ళు ఉన్నరు. అత్త వాళ్ళకు మేమ్‌సాబ్ పుస్తకం చూపియ్యలే. మీ ఇంటి గోడ మీద ఏమున్నది, మీ అవ్వ చేతి మీద పచ్చబొట్టు ఎట్లున్నది, అది పెట్టుండ్రి అన్నది.

'పిట్టలు నేర్పరాదా అత్తా, అంత కష్టపడి తెచ్చుకున్నవి గదా' అని అడిగిన.

'అవి నాకు లేకపోతే తెచ్చుకున్న. వీళ్ళకు ఉన్నయి గదా' అన్నది.

మూడు నెలలకు దారం వచ్చేసరికి ఆ పిల్లల కాడ బడి నోటుబుక్కు నిండ నమూనాలున్నయి. అండ్ల ఒక్కటి గూడ ఏ పుస్తకంల లేదు.

ఇప్పుడు నా మనుమరాలు ఫోన్ల వేలు పెట్టి జరుపుతే ప్రపంచంల ఉన్న నమూనాలన్ని వస్తున్నయి. నాకు కడుపుమంట లేదు, సంతోషమే. ఒక్క పుస్తకం కోసం ఎండల మెట్ల మీద కూసునే గతి ఏ ఆడపిల్లకు రావద్దు. కాని ఆ పిల్ల చూసినయి చూసినట్టే మరిచిపోతది. లసుమత్త డెబ్బై ఏండ్లప్పుడు, చూపు మందగించినంక గూడ, జింకల వరుస మొత్తం నోటితోని చెప్పేది, నిండు ఎన్ని, ఖాళీ ఎన్ని. కష్టం మంచిదని నేను అనను. కష్టపడి తెచ్చుకున్నది మనిషిల ఎక్కడనో గట్టిగ కూసుంటది, అంతే నాకు తెలుసు. చెన్నూరుకు బదిలీ చేస్తమని రెండుసార్లు అడిగిండ్రు, ఆమె పోలే. జైనూర్ల రెండు అర్రల ఇల్లు కట్టుకున్నది, రిటైరైనంక గూడ అక్కడ్నే ఉన్నది, అక్కడ్నే పోయింది.

బాపు గనిల పనిచేసి పనిచేసి, దమ్ము పట్టుకున్నంక ఇంట్ల కూసున్నడు. ఏటా ఎండలు తగ్గంగనే చెల్లె కాడికి పోయి నెల రోజులు ఉండి వచ్చేటోడు. దారిల ఎవరు పలకరిచ్చినా, బస్సుల పక్క సీటాయన మీరెవరని అడిగినా, తన పేరు చెప్పకపోతుండె, తన గని పేరు గూడ చెప్పకపోతుండె. పై కండువా సదురుకోని, 'జైనూర్ కుట్టుటీచరు లేదూ, ఆమెకు అన్నను' అని చెప్పుకునేటోడు.